ఐదు మిల్లీగ్రాములు లేవని మా శాంపిల్స్ వెనక్కి పంపకండి: హైదరాబాద్ ఎన్‌ఎంఆర్ సెంటర్ల పెద్దలకు బహిరంగ లేఖ

ఎన్‌ఎంఆర్ (పదార్థాన్ని పెద్ద అయస్కాంతంలో పెట్టి దాని అణువు నిర్మాణం తేల్చే పద్ధతి) సెంటర్లు నడిపే ఇన్‌చార్జ్‌లకు, డైరెక్టర్లకు, ఆ మెషీన్లకి డబ్బులిచ్చే సైన్స్ శాఖల అధికారులకు నమస్కారం.

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నా. మైక్రోగ్రాముల్లో ఉండే చిన్న శాంపిల్స్ కూడా తీసుకోమని ఒక సెంటర్‌కి మూడు మెయిళ్ళు పెట్టా, తర్వాత ప్రింట్ తీసుకెళ్ళి ఇన్‌వార్డ్‌లో స్టాంప్ వేయించుకుని ఇచ్చొచ్చా, ఏడు నెలలైంది, అవుననీ కాదనీ ఏ జవాబూ రాలేదు. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నా. ఆ సెంటర్ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే ఇది ఒక్కచోటి సమస్య కాదు, నాలాంటి స్కాలర్లు ఎవర్ని కదిపినా ఇలాంటి కథే చెప్తున్నారు.

ముందు జరిగింది చెప్తా. పటాన్‌చెరు దాటాక ఒక ఊరి చెరువు నుంచి ఏప్రిల్‌లో నీళ్ళు తెచ్చాం, వానలు పడితే పల్చబడిపోతాయని ఎండాకాలంలోనే తెచ్చాం, ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. యాంటీబయాటిక్ మందులు నీళ్ళలో కలిశాక ఎండకి, బ్యాక్టీరియాకి విరిగిపోయి ఏమవుతాయన్నది నా టాపిక్. పటాన్‌చెరు పేరు ఈ సబ్జెక్టులో ప్రపంచమంతా తెలుసు, 2007లో స్వీడన్ సైంటిస్టులు అక్కడి ట్రీట్‌మెంట్ ప్లాంట్ నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని పేపర్ రాశారు, మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే దానికంటే అది ఎక్కువ. అయితే నేను వెతికేది సిప్రోఫ్లాక్సాసిన్‌ని కాదు, అది విరిగాక మిగిలేవాటిని.

నలభై లీటర్లని రసాయనాల్ని పట్టి ఉంచే కార్ట్రిడ్జ్‌ల గుండా పంపి, కడిగి, ఆరబెట్టి, హెచ్‌పీఎల్‌సీ (కలిసిపోయిన పదార్థాల్ని విడదీసే మెషీన్) మీద నెలల తరబడి ఒక్కో పీక్ పట్టుకుంటూ పోతే చివరికి ఒక పదార్థం 60 మైక్రోగ్రాములు చేతికొచ్చింది. మా ల్యాబ్‌లో ఉన్న బ్యాలెన్స్‌కి ఆ బరువు కనబడను కూడా కనబడదు, యూవీ వెలుతురు ఎంత పీల్చుకుందో చూసి లెక్క కట్టుకున్నాం. అణువు బరువు చూపే మాస్ స్పెక్ట్రమ్‌లో సిప్రోఫ్లాక్సాసిన్ కంటే సరిగ్గా 16 ఎక్కువ వచ్చింది, అంటే ఒక ఆక్సిజన్ వచ్చి చేరింది. ఎక్కడ చేరింది? అదే అసలు ప్రశ్న. ఆ మందు అణువులో పక్కకి అతుక్కుని ఉండే పైపరజీన్ రింగ్ మీద చేరితే ఒక కథ, బ్యాక్టీరియాని కొట్టే అసలు భాగం క్వినొలోన్ మీద చేరితే ఇంకో కథ. క్వినొలోన్ చెక్కు చెదరకుండా ఉందంటే ఆ ముక్కకి బ్యాక్టీరియా మీద ఇంకా ఎంతో కొంత దెబ్బకొట్టే శక్తి మిగిలి ఉండొచ్చు, అంటే మందు పోయిందనుకున్న చెరువులో మందు పని నడుస్తూనే ఉండొచ్చు, మొండి బ్యాక్టీరియా తయారవుతూనే ఉండొచ్చు. మాస్‌కి రెండింటి బరువూ ఒక్కటే. ముక్కలు చేసి చూసినా ఖాయంగా ఇక్కడే ఉందని చెప్పలేకపోయాం. ఖాయంగా చెప్పగలిగేది ఎన్‌ఎంఆర్.

మొదటి సెంటర్‌లో ఫారం చూసి, ప్రోటాన్ (హైడ్రోజన్) స్పెక్ట్రమ్‌కి కనీసం 5 మిల్లీగ్రాములు, కార్బన్ స్పెక్ట్రమ్‌కి 20 కావాలి, 60 మైక్రోగ్రాములు అంటే ఏమీ లేనట్టే కదా అని మూడు వారాల తర్వాత వెనక్కి పంపించారు. రెండో సెంటర్‌లో తీసుకున్నారు. సంతోషపడ్డా. తీసుకుని ఏం చేశారంటే, మామూలు 5 ఎంఎం ట్యూబ్‌లో 600 మైక్రోలీటర్ల మెథనాల్ పోసి, 16 స్కాన్లు తీసి, ఒక కాగితం ఇచ్చారు. అందులో ఉన్నవి నీళ్ళ పీక్, మెథనాల్ పీక్, గ్రీజు. నా పదార్థం కనబడలేదు. సరే, శాంపిల్ వెనక్కి ఇవ్వండి, ఆరబెట్టుకుని ఇంకోచోట ప్రయత్నిస్తా అని వెళ్తే ట్యూబులన్నీ ఒంపేసి కడిగేశామన్నారు.

ఎన్‌ఎంఆర్ గొప్పతనమే శాంపిల్ పాడవకపోవడం. మాస్‌లో పెట్టింది తిరిగి రాదు, ఎన్‌ఎంఆర్‌లో పెట్టింది పెట్టినట్టే వస్తుంది. ఆ ఒక్క మంచి గుణాన్ని కూడా వాష్ బేసిన్‌లో పోసేస్తే ఎట్లా సార్. అది నా ఏడాది కష్టం, దాన్నైనా పక్కన పెడతా, కానీ ఆ ఏప్రిల్ నెల చెరువు మళ్ళీ రాదు, తర్వాత వానలు పడ్డాయి, నీళ్ళు మారిపోయాయి.

అదే రెండో సెంటర్‌లో, ఆపరేటర్ అన్న నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ స్టోర్ రూమ్‌లో ఒక డబ్బా చూపించాడు. 1.7 ఎంఎం మైక్రోప్రోబ్, అంటే సన్నటి ట్యూబ్‌లోని చిన్న శాంపిల్ సిగ్నల్ వినే భాగం. మెషీన్‌తో పాటే కొన్నారట. మార్చడం, ట్యూన్ చేసి షిమ్ చేసుకోవడం (అయస్కాంత క్షేత్రాన్ని సమంగా సరిదిద్దుకోవడం) మాకెవరూ నేర్పలేదు, పాడైతే మా మీదికొస్తుంది, అందుకని ముట్టుకోలేదు అన్నాడు. ఆ అన్న మీద నాకేం కోపం లేదు. కాంట్రాక్ట్ ఉద్యోగం, ఎక్స్‌టెన్షన్ ఎప్పుడొస్తుందో తెలియని జీతం, కోట్ల మెషీన్, తప్పు జరిగితే అతని తలకాయ. నేను అతని స్థానంలో ఉన్నా డబ్బా తెరిచేదాన్ని కాదేమో.

ఇక్కడ కొంచెం టెక్నికల్ మాట చెప్పాలి, ఎందుకంటే "తక్కువ శాంపిల్ అంటే ఎక్కువసేపు రన్ చెయ్యాలి, మాకంత టైం లేదు" అని మీరనే మాట నిజమే. నిజం కాబట్టే సమస్య ఎక్కడుందో స్పష్టంగా చూడాలి. 400 మెగాహెర్ట్జ్ అయస్కాంతంలో, గది వేడిలో, పది లక్షల ప్రోటాన్లు ఉంటే ఒకవైపు తిరిగినవి రెండోవైపు వాటికంటే ఎక్కువ ఉండేది 32 మాత్రమే. మనం వినేది ఆ 32 గొంతుల్నే. అందుకే ఈ పద్ధతి పుట్టుకతోనే బలహీనమైన సిగ్నల్‌ది. సిగ్నల్ రెట్టింపు కావాలంటే నాలుగు రెట్లు టైం, పది రెట్లు కావాలంటే వంద రెట్లు టైం. 5 మిల్లీగ్రాములకి గంట పట్టే ప్రయోగం అదే ట్యూబ్‌లో అర మిల్లీగ్రాముకి వంద గంటలు, 50 మైక్రోగ్రాములకి పదివేల గంటలు, అంటే 416 రోజులు. ఎవరూ ఇవ్వలేరు, నేనూ అడగను.

కానీ కాయిల్ (ప్రోబ్‌లో సిగ్నల్ వినే తీగచుట్ట) మారిస్తే లెక్క మారిపోతుంది. కాయిల్ ఎంత సన్నగా, శాంపిల్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా వింటుంది, ఉన్న పదార్థం అంతే అయినా. 1976లోనే హౌల్ట్, రిచర్డ్స్ అనే సైంటిస్టులు ఈ లెక్క తేల్చారు. 1995లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు వెంట్రుక లాంటి గాజు గొట్టానికి రాగి తీగ చుట్టి నానోలీటర్లలో ప్రోటాన్ స్పెక్ట్రమ్ తీసి చూపించారు. 5 ఎంఎం నుంచి 1.7కి దిగితే సుమారు మూడు రెట్లు సిగ్నల్, అంటే టైం తొమ్మిదో వంతు. కాయిల్‌ని చల్లబరిచే క్రయోప్రోబ్ అయితే ఇంకో మూడు నాలుగు రెట్లు. రెండూ కలిస్తే ఆ 416 రోజులు నాలుగు రోజులకి దిగుతాయి. కట్టెల అడితిలో కాటా మీద బంగారం తూచితే ముల్లు కదలదు, కదల్లేదని బంగారం లేదని రాసిస్తారా? త్రాసు మార్చాలి.

ఇంకోటి, సాల్వెంట్ సంగతి. నా 60 మైక్రోగ్రాములు అంటే దాదాపు 170 నానోమోల్స్. 600 మైక్రోలీటర్లలో వేస్తే గాఢత 0.3 మిల్లీమోలార్ కూడా రాదు, అదే 30 మైక్రోలీటర్లలో వేస్తే 5 దాటుతుంది. డ్యూటీరియం మెథనాల్ (ప్రోటాన్ స్పెక్ట్రమ్‌లో కనబడకుండా హైడ్రోజన్ బదులు డ్యూటీరియం పెట్టింది) 99.8 శాతం అని సీసా మీద ఉన్నా ఆ మిగిలిన 0.2 శాతం మామూలు హైడ్రోజన్ పెద్ద ట్యూబ్‌లో నా పదార్థానికి కొన్ని వందల రెట్లు ఉంటుంది, పైగా దాని పీక్ స్పెక్ట్రమ్‌లో 3.31 పీపీఎం దగ్గర, నాకు కావల్సిన పైపరజీన్ పీకులు సరిగ్గా ఆ చుట్టుపక్కలే. ప్లాస్టిక్ టిప్స్ నుంచి దిగే థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనాలు), మూతల గ్రీజు, అన్నీ అంతే. ఇరవై రెట్లు తక్కువ సాల్వెంట్ వాడితే ఈ చెత్తంతా ఇరవై రెట్లు తగ్గుతుంది. (ఇది చదివే జూనియర్లకి ఒక మాట, మైక్రోగ్రాముల శాంపిల్‌ని ప్లాస్టిక్ వయల్‌లో పెట్టకండి, గాజుదే వాడండి, నేను రెండు శాంపిల్స్ అలా పోగొట్టుకుని నేర్చుకున్నా.)

ఇప్పుడు దీనివల్ల మామూలు జనానికి ఏం నష్టమో చెప్తా.

1. ఆ చెరువు గట్టు మీద నీళ్ళు పట్టుకుంటుంటే బర్రెలు తోలుకొచ్చిన ఒకామె అడిగింది, "ఇందుల ఏమున్నదో చూసి చెప్తరా బిడ్డా, మా బర్రెలు ఇవే నీళ్ళు తాగుతయ్" అని. చెప్తానన్నా. ఆమె నా నంబర్ తీసుకుంది, రెండుసార్లు ఫోన్ చేసింది. ఇంకా తెలియలేదమ్మా అనే చెప్పా. ఆమె పాలు పోసేది సిటీలో ఇళ్ళకే. మూసీ పొడుగునా పెంచే గడ్డి కూడా మన పాల బర్రెలకే వస్తుంది. అందులో ఏం ఉందో పేరు పెట్టి చెప్పలేకపోతే కాలుష్య నియంత్రణ బోర్డుకి కంప్లెయింట్ ఎలా రాయాలి, రాసినా "గుర్తు తెలియని పదార్థం, బరువు 347" అని రాస్తే ఎవరు పట్టించుకుంటారు? పేరు లేని దానికి లిమిట్ పెట్టరు. లిమిట్ లేని దాన్ని టెస్ట్ చెయ్యరు. అందుకే నిర్మాణం తేల్చడం అన్నది ఏదో కెమిస్టుల సరదా కాదు, ఆమె కంప్లెయింట్‌కి మొదటి లైన్ అది.

2. మందుల ఫ్యాక్టరీలు. బాలానగర్, జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, మన చుట్టూ ఉన్నవి మందులే. రోజుకి రెండు గ్రాముల లోపు వాడే మందులో ఏ మలినమైనా 0.1 శాతం దాటితే అది ఏంటో తేల్చి చెప్పాలని ఐసీహెచ్ (మందుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) రూల్, ఒక గ్రాము మందులో ఒక మిల్లీగ్రాము అన్నమాట. రోజుకి వేసుకునే డోసు పెద్దదైతే ఇంకా తక్కువకే చెప్పాలి. పెద్ద కంపెనీలకి సొంత మెషీన్లుంటాయి. చిన్న యూనిట్ వాళ్ళు ఆ మలినం 5 మిల్లీగ్రాములు పోగెయ్యడానికి బ్యాచ్‌ల మీద బ్యాచ్‌లు కాలమ్ ఎక్కించాలి, నెలలు పోతాయి, సాల్వెంట్ పోతుంది, ఆ సాల్వెంట్ మళ్ళీ ఎక్కడికి పోతుందో మనందరికీ తెలుసు. 50 మైక్రోగ్రాములతో పని అయిపోతే అంత అవసరం ఉండదు.

3. పసిపిల్లలు. పుట్టిన బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీస్తారు, అంతకంటే తియ్యలేరు. వెన్నునీరు అయితే చెప్పక్కర్లేదు. బయాప్సీ ముక్కని కరిగించకుండా, చిన్న రోటర్‌లో పెట్టి 54.7 డిగ్రీల కోణంలో తిప్పుతూ స్పెక్ట్రమ్ తీసే పద్ధతి ఉంది, కొన్ని మిల్లీగ్రాముల కణజాలం చాలు. డాక్టర్లతో కలిసి ఇలాంటి పని చేద్దామనుకునే వాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు, ఫారం మీద మొదటి గడి చూసి ఆగిపోతున్నారు.

4. కాలేజీ పిల్లలు, జిల్లాల యూనివర్సిటీల వాళ్ళు. వరంగల్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో ఒక పిల్ల అడవి చెట్టు బెరడు తెచ్చి, సంవత్సరం కూర్చుని రెండు వందల మైక్రోగ్రాములు తీస్తుంది. సముద్రపు నత్త విషంలో దొరికిన పెప్టైడ్ నుంచి 2004లో నొప్పి మందు వచ్చింది, ఒక నత్తలో విషం ఎంత ఉంటుంది, మైక్రోలీటర్లు. కొత్త పదార్థాలు ఎక్కువసార్లు ఇలా చిటికెడే దొరుకుతాయి. ఎక్కువ దొరికేవన్నీ ఎప్పుడో పుస్తకాల్లోకి ఎక్కేశాయి. 5 మిల్లీగ్రాముల రూల్ పెట్టడమంటే తెలిసిందే మళ్ళీ తెచ్చుకోండి అని చెప్పడమే.

తార్నాక నుంచి గచ్చిబౌలి దాకా, అక్కణ్ణించి గోపనపల్లి దాకా, ఇన్ని ల్యాబులున్న ఊరు దేశంలో ఎన్ని ఉన్నాయి? ఆ అయస్కాంతాలు రాత్రీ పగలూ ద్రవ హీలియం తాగుతూనే ఉంటాయి, మనం వాడినా వాడకపోయినా, ఆ హీలియం బయట దేశాల నుంచి కొనుక్కొస్తున్నదే. ఆదివారం ఖాళీగా ఉన్న అయస్కాంతం ఖర్చు ఆదివారం తగ్గదు. అది జనం పైసలు.

ఇక మేం అడిగేవి. కొత్త మెషీన్ అడగట్లేదు.

5. "కనీసం 5 మిల్లీగ్రాములు" అనే లైన్ ఫారంలోంచి తీసెయ్యండి. దాని బదులు ఎన్ని నానోమోల్స్ ఉన్నాయి, బరువు ఎలా తేల్చారు, ఏ ప్రశ్నకి జవాబు కావాలి అని అడగండి. ప్రోటాన్ ఒక్కటి చాలిన వాళ్ళకి ప్రోటాన్, హెచ్‌ఎంబీసీ (ఏ హైడ్రోజన్ ఏ కార్బన్‌కి దగ్గరో చూపే ప్రయోగం) కావల్సిన వాళ్ళకి అది. కుదరకపోతే ఎందుకు కుదరదో రెండు లైన్లు రాసి పంపండి, మూడు వారాలు ఉంచుకోకండి.

6. ప్రతి సెంటర్‌లో ఏ ప్రోబ్‌లు ఉన్నాయి, అందులో ఏవి పనిచేస్తున్నాయి, ఏవి డబ్బాలో ఉన్నాయి అన్నది వెబ్‌సైట్‌లో పెట్టండి, దేశంలోని ల్యాబ్ పరికరాల వివరాలుండే ఐ-స్టెమ్ పోర్టల్‌లో కూడా. 500 మెగాహెర్ట్జ్ అని అయస్కాంతం పేరు రాస్తే మాలాంటి వాళ్ళకి ఉపయోగం లేదు, మాకు కావల్సింది కాయిల్ సైజు.

7. నెలలో ఒక వారం చిన్న శాంపిల్స్ వారంగా పెట్టండి. ప్రోబ్ మార్చడం రోజూ చేసే పని కాదని మాకు తెలుసు, అందుకే అందరి శాంపిల్సూ పోగేసి ఒకేసారి పెట్టమంటున్నాం. ఆ వారం ముందే చెప్తే మేం సాల్వెంట్, ట్యూబులు మేమే తెచ్చుకుంటాం, నింపి తెస్తాం. 1.7 ప్రోబ్ అసలే లేని చోట 3 ఎంఎం ట్యూబులైనా, తక్కువ సాల్వెంట్‌తో సరిపోయే షిగెమీ ట్యూబులైనా ఒప్పుకోండి, దానికి కొత్త ప్రోబ్ అక్కర్లేదు, ఇది రేపటి నుంచే చెయ్యొచ్చు.

8. శాంపిల్ వెనక్కి ఇవ్వడం రూల్ చెయ్యండి. పడెయ్యాల్సి వస్తే ముందు ఒక మెసేజ్, మా ఒప్పుకోలు, ఆ తర్వాతే.

9. ఆపరేటర్లకి ట్రైనింగ్. ఇది అన్నిటికంటే ముఖ్యమని నేననుకుంటున్నా, ఇంత కింద రాశానని చిన్నదనుకోవద్దు. ప్రోబ్ కొనేటప్పుడే దాన్ని వాడటం నేర్పించే రోజులు కూడా కొనుగోలు ఆర్డర్‌లో రాయించాలి, నేర్చుకున్న మనిషిని పదకొండు నెలలకోసారి ఇంటికి పంపే కాంట్రాక్ట్ ఆపాలి. నిజాయితీగా పనిచేస్తూ ఏదైనా విరిగితే అతని జీతంలోంచి కోత పెట్టబోమని రాతపూర్వకంగా చెప్పాలి. డబ్బులిచ్చే శాఖలు కూడా మెషీన్‌కి ఇచ్చి మనిషికి ఇవ్వకపోతే జరిగేది ఇదే, స్టోర్ రూమ్‌లో డబ్బా.

10. ఫీజు. రాత్రంతా రన్ అంటే గంటల లెక్కన వేస్తే ఫెలోషిప్ లేని స్కాలర్ కట్టలేరు. రాత్రికి, ఆదివారానికి ఒక ఫ్లాట్ రేటు పెట్టండి.

అవతల ప్రపంచం ఎక్కడిదాకా వెళ్ళిందో మీకు నేను చెప్పక్కర్లేదు, 2018లో హార్వర్డ్ వాళ్ళు వజ్రంలో ఉండే లోపాన్నే సెన్సర్‌గా వాడి పికోలీటర్లలో స్పెక్ట్రమ్ తీశారు. అది కావాలని కాదు. మన దగ్గర ఇప్పటికే కొని ఉన్న డబ్బా తెరవమని అంతే.

ఈ ఏప్రిల్‌లో అదే చెరువుకి మళ్ళీ వెళ్తున్నా, ఈసారి ఎనభై లీటర్లు తెస్తున్నా. కాలమ్‌లు అయ్యేసరికి ఆగస్టు అవుతుంది. 30 మైక్రోలీటర్లలో కరిగించి, 1.7 ట్యూబ్‌లో నేనే నింపి, సీల్ చేసి తెస్తా. ఏ సెంటర్‌కి, ఏ తారీకున తీసుకురావాలో జులై ఆఖరులోగా చెప్పండి.

ఇట్లు,
ఒక రీసెర్చ్ స్కాలర్,
హైదరాబాద్